మౌతార్గన్ వెనక వినిపించిన గొంతు

మా భవనంలో లిఫ్టు మొరాయిస్తే అందరం పిలిచేది ఒక్కరినే. ఆయనకు యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. నెత్తిన జుట్టు పోయి చాలా కాలమైనా మీసం మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటుంది. రంగు వేస్తారా అని అడిగితే "గ్రీజు" అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కంపెనీ కార్డు మీద ఉంటుంది కానీ అది ఎప్పుడూ తిరగబడే ఉంటుంది. చిన్నవాళ్ళకూ పెద్దవాళ్ళకూ ఆయన లిఫ్టు బాబాయే. చుట్టుపక్కల నలభై రెండు భవనాల లిఫ్టులు ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. ఏ లిఫ్టు ఏ అంతస్తులో దగ్గుతుందో, ఏది తలుపు వేసే ముందు కాసేపు ఆలోచిస్తుందో ఆయనకు కంఠతా వచ్చు.

ఆయన చొక్కా జేబులో టెస్టరు పక్కన చేతిరుమాలులో చుట్టిన మౌతార్గన్ ఒకటి ఉంటుంది. బ్రేకు మార్చాకో తాడు బిగించాకో లిఫ్టును మనుషులు లేకుండా ఓ ఇరవై నిమిషాలు పైకీ కిందకీ తిప్పి చూడాలి. ఆ ఇరవై నిమిషాలూ ఆయన మొదటి అంతస్తు మెట్ల మీద కూర్చుని వాయిస్తారు. ఒక చెవి పాట మీద, ఒక చెవి మోటారు మీద. మెట్ల దగ్గరే ఎందుకని ఒకసారి అడిగాను.

"అక్కడ ఒక్కడు వాయిస్తే నలుగురు వాయించినట్టుంటుంది. పైగా ఆ మిగతా ముగ్గురికీ టీ ఇప్పించక్కర్లేదు" అన్నారు.

ప్రతి భవనం మెట్లకూ ఒక గొంతు ఉంటుందని ఆయన అంటారు. పాత భవనాల మెట్లు పెద్దవాళ్ళలాంటివట. మనం చెప్పింది పూర్తిగా విని, ఆగి, అప్పుడు జవాబు చెప్తాయి. కొత్తవాటికి ఓపిక తక్కువ, మాట పూర్తి కాకముందే అందుకుంటాయి. మా భవనం ఎనిమిది అంతస్తుల పాతది. అందుకే మా లిఫ్టుకు ఏ జబ్బూ లేకపోయినా నెలకు రెండుసార్లు వచ్చి చూసిపోయేవారు. మొదట్లో మేము ఆయన శ్రద్ధకు మురిసిపోయాం. అసలు సంగతి తర్వాత తెలిసింది.

మొదటి జీతంతో మౌతార్గన్ కొనుక్కుని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న మనిషి. ఇరవై రెండేళ్ళప్పుడు రేడియో వాళ్ళు కొత్త కళాకారులను ఎంపిక చేస్తున్నారంటే వెళ్ళారు. అద్దం అవతల ముగ్గురు కూర్చున్నారు. సగం పాట కాగానే ఒకాయన చెయ్యెత్తి, "బాగుంది బాబూ, కానీ మీ వాయిద్యానికి మా పట్టికలో గడి లేదు" అన్నాడు. ఆ తర్వాత ఓ క్యాసెట్ల కంపెనీ మెట్లెక్కితే అక్కడివాళ్ళు పాట వినకముందే "మిమ్మల్ని ఎవరు పంపారు?" అని అడిగారు. ఆయనను ఎవరూ పంపలేదు. దాంతో దిగి వచ్చేశారు. ఈ రెండు సంగతులూ చెప్పేటప్పుడు ఆయన గొంతులో చేదు ఉండదు. పైగా ఆ కంపెనీ లిఫ్టు తలుపుకు నూనె లేదని ఇప్పటికీ గుర్తు.

ఆయన కూతురు కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్షించే పని చేస్తుంది. మూడేళ్ళ కిందట ఆ అమ్మాయి నాన్న ఫోనులో ఉన్న రికార్డింగులు విని, అడిగీ అడగకుండానే వాటిని ఫోన్లలో పాటలు వినిపించే ఒక సర్వీసులో పెట్టేసింది. కళాకారుడి పేరు అడిగిన చోట "మెట్ల మీద" అని రాసింది. ఎవరు పంపారని అక్కడ ఎవరూ అడగలేదు. ఏ వాయిద్యమో రాయమన్న చోట మాత్రం పెద్ద జాబితా వచ్చింది. దానిలో మౌతార్గన్ ఉంది.

మొదటి నెల విన్నవాళ్ళు పదకొండు మంది. "అందులో ముగ్గురం మేమే. ఇంకో రెండు మా ఆవిడ జిరాక్సు షాపులో ఫోన్లు" అని నవ్వేవారు. ఆ తర్వాత ఏమైందో గానీ ఆ సర్వీసు ఈ పాటలను చదువుకునేటప్పుడూ పని చేసుకునేటప్పుడూ వినే జాబితాల్లో తనంతట తానే చేర్చింది. వినేవాళ్ళు వందలయ్యారు. ఏడాది తిరిగేసరికి ఆయన నోరు తిరగని ఊళ్ళనుంచి కూడా వింటున్నారు. ఏ ఊళ్ళో ఎంతమంది, ఏ గంటకు మొదలుపెట్టారు, పాటను ఎక్కడ ఆపేశారు, అన్నీ కూతురు ఫోనులో గీతలుగా కనిపించేవి. అవి చూస్తే ఆయనకు ఒక పక్క సంబరం, ఒక పక్క ఇబ్బంది.

"వాళ్ళు ఎక్కడ ఆపేశారో నాకెందుకే? కిటికీలోంచి తొంగి చూసినట్టుంది" అన్నారు.

"అందరూ చూస్తారు నాన్నా. చూసి పాట మార్చుకుంటారు."

"నేను మార్చను. లిఫ్టు ఎక్కినవాడు మూడో అంతస్తులో దిగిపోయాడని నాలుగోది తీసేస్తామా?"

ఆ పాటల్లో ఒకటి అన్నిటినీ మించిపోయింది. పాత రికార్డింగుల్లోది కాదు, ఆ తర్వాత మా భవనంలో కొత్తగా చేసినది, పెట్టిన కొద్ది వారాలకే అంతటా పాకింది. మెత్తని పాట, ఆరు నిమిషాలు. దానికి ఆయన "మధ్యాహ్నం" అని పేరు పెట్టారు. పాట వెనకాల ఎక్కడో సన్నగా ఎవరో మాట్లాడుతున్న సవ్వడి ఉంటుంది. విన్నవాళ్ళు దాని కింద రాసిన మాటల్లో సగం ఆ సవ్వడి గురించే. పక్క గదిలో అమ్మ మాట్లాడుతుంటే కునుకు పట్టినట్టుందని ఒకరు. ఆ గొణుగుడే ఈ పాటకు ప్రాణమని ఇంకొకరు. అది ఎవరింట్లోనో టీవీ అనుకున్నారు బాబాయ్. ఆయన వినేది ఫోను స్పీకర్లో. అందులో మాటలు మాటల్లా ఉండవు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన కూర్చునేది మొదటి అంతస్తులో అయినా ఫోను పెట్టేది నాలుగో అంతస్తు మలుపులో, మంటలార్పే ఇసుక బకెట్ వెనక. పాట అక్కడిదాకా ఎక్కేసరికి గరుకు పోయి గుండ్రంగా అవుతుందట. ఫోను పెట్టి, కిందకు దిగి, వాయించి, మళ్ళీ పైకి వెళ్ళి తెచ్చుకునేవారు. ఆ మధ్యలో ఫోను దగ్గర ఎవరున్నారో ఆయనకు తెలిసే దారి లేదు.

నాలుగో అంతస్తులో ఒక టీచర్ ఉంటారు. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తారు. నలభై దాటిన ఆవిడ, తల్లితో కలిసి ఉంటారు. గట్టి మనిషి. మెట్ల దగ్గర సైకిళ్ళు పెట్టకూడదని రాసిన కాగితం ఆవిడదే.

ఓ రోజు మధ్యాహ్నం బాబాయ్ మా లిఫ్టు కింద గొయ్యిలో దిగి టార్చి నోట కరుచుకుని పని చేసుకుంటున్నారు. టీచర్ పైనుంచి వంగి పిలిచారు.

"బాబాయ్, ఒకసారి బయటికి రండి. మాట్లాడాలి."

"రెండు నిమిషాలమ్మా. లిఫ్టు ఆగిందా?"

"లిఫ్టు బాగానే ఉంది."

ఆ గొంతు విని ఆయన పని అక్కడే వదిలి పైకొచ్చారు. టీచర్ తన ఫోనుకు తగిలించిన హెడ్‌ఫోన్ ఆయన చేతికిచ్చారు. గ్రీజు చేతులని ఆయన వెనకాడితే ఆవిడే చెవులకు పెట్టారు. "మధ్యాహ్నం" మొదలైంది. రెండు నిమిషాలు దాటాక ఆయన మౌతార్గన్ కింద ఒక మనిషి గొంతు, ఒక్కొక్క మాటా విడివిడిగా.

"రిపోర్టు వచ్చిందే. అనుకున్నదే... లేదు, అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆపరేషన్ అయ్యాక నేనే చెప్తాను... పిల్లల పరీక్షలు అవ్వనీ, అప్పుడు చేయించుకుంటాను."

ఆయన హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయారు.

"అప్పుడు చెల్లితో మాట్లాడుతున్నాను. ఇంట్లో అమ్మ వింటుందని మెట్ల దగ్గరికి వచ్చాను" అన్నారు టీచర్. "మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈ పాట పెట్టుకుని చదువుకుంటారట. ఒక పిల్ల నా గొంతు గుర్తుపట్టింది. క్లాసయ్యాక వచ్చి, టీచర్ మీకు ఆపరేషనా అని ఏడ్చింది. ఆ పిల్ల వాళ్ళ నానమ్మకి చెప్పింది. ఆవిడ మందుల షాపులో మా అమ్మ కనిపిస్తే ధైర్యం చెప్పింది. అమ్మ నాతో మాట్లాడి మూడు రోజులైంది. జబ్బు వచ్చినందుకు కాదు బాబాయ్. మూడో మనిషి నోట విన్నందుకు."

బాబాయ్ హెడ్‌ఫోన్ ఆవిడకు తిరిగి ఇచ్చారు.

"మీరు కావాలని చేయలేదని తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నాను. తిట్టగలిగితే బాగుండేది."

"ఫోను అక్కడ పెట్టింది నేనమ్మా. ఎవరినీ అడక్కుండా పెట్టింది నేను. తప్పు నాదే" అన్నారు ఆయన. "సాయంత్రంలోగా తీసేయిస్తాను."

గొయ్యి మూత వేసి, లిఫ్టు నడిపించి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా కూతురి దుకాణానికి వెళ్ళారు. కూతురు ఎవరికో అక్షరాల పట్టిక చదివిస్తోంది. ఆ పని అయ్యేదాకా బల్ల మీద కూర్చుని, తర్వాత జరిగింది చెప్పారు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. అయినా ఒక మాట అనకుండా ఉండలేకపోయింది.

"నాన్నా, మన పాటలు వినేవాళ్ళలో ముప్పాతిక మంది ఈ ఒక్క పాట కోసమే వస్తున్నారు. మాటలున్న చోటు కోసేసి మిగతాది ఉంచుదాం."

"కోస్తే ఏమవుతుంది? ఇప్పటికి విన్నవాళ్ళు ఆ చోటు రాగానే దేన్ని గుర్తు చేసుకుంటారు?"

కూతురు ఫోను తీసింది. వాళ్ళిద్దరూ కళ్ళద్దాల ఫ్రేముల మధ్య నిలబడి ఆ పాటను తీసేశారు. ముప్పై ఏళ్ళు ఎదురు చూసిన మనిషికి దొరికిన ఒక్క పెద్ద పాట తీసేయడానికి నాలుగు నొక్కులు పట్టింది.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు కూతురు వెతికితే అదే పాట ఇంకో చోట కనిపించింది. ముక్కూ మొహం తెలియని ఎవరో దాన్ని పదేపదే అతికించి గంట పాటగా చేసి, వేరే పేరుతో పెట్టారు. టీచర్ గొంతు అందులో పదిసార్లు వస్తుంది. తండ్రీ కూతుళ్ళు సర్వీసు వాళ్ళకు ఫిర్యాదు రాశారు. మీ విన్నపం అందింది అని జవాబు వచ్చింది. రెండోసారి రాస్తే, ఆ గొంతు మీదేనా, కాకపోతే ఆ గొంతు గల మనిషే ఫిర్యాదు చేయాలి అని వచ్చింది. అంటే మళ్ళీ టీచర్ గుమ్మం ఎక్కాలి.

బాబాయ్ రెండు రోజులు తాత్సారం చేశారు. తేలు కుట్టిన దొంగలా మా భవనం వైపే రాలేదు. చివరికి ఆయన భార్య జిరాక్సు షాపు షట్టరు దించి వచ్చారు.

"తప్పు చేసి మొహం చాటేస్తే తప్పు రెండవుతుంది. పదండి, నేనూ వస్తాను."

నాలుగో అంతస్తులో తలుపు తీసింది టీచర్ వాళ్ళమ్మ. తెల్లని జుట్టు, వంగని నడుము. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరినీ లోపలికి రమ్మని, కుర్చీలు చూపించి, తాను నిలబడే మాట్లాడారు.

"ముప్పై రెండేళ్ళు ఊరందరి లైన్లూ నా చేతుల మీదుగా కలిశాయి. పెళ్ళిళ్ళు కుదరడం విన్నాను, చెడిపోవడం విన్నాను. చావు కబురు నేను విన్నాకే ఇంటివాళ్ళు విన్న రోజులున్నాయి. ఒక్క మాట బయట పెట్టలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. అలాంటిది నా ఇంటి మాట మాత్రం ఊరంతా విన్నాక నాకు చేరింది."

"క్షమించండమ్మా" అన్నారు బాబాయ్. ఆయన భార్య వచ్చిన పని చెప్పారు. ఫిర్యాదు టీచర్ పేరుతో వెళ్ళాలని.

టీచర్ లోపలి గదిలోంచి వచ్చి వింటున్నారు. పెద్దావిడ "ముందు ఆ పాట నాకు వినిపించండి" అన్నారు.

"వద్దమ్మా" అన్నారు టీచర్.

"ఊరంతా విన్నది నేను వినకూడదా?"

బాబాయ్ ఫోనులో అసలు రికార్డింగు ఇంకా ఉంది. పెద్దావిడ హెడ్‌ఫోన్ ఒక చెవికే ఆనించి పట్టుకున్నారు. రెండో చెవి ఎప్పుడూ గదికి వదిలి ఉంచడం ఆపరేటర్ల అలవాటట. కళ్ళు మూసుకుని ఆరు నిమిషాలూ విన్నారు. పాట అయ్యాక కూతురి వైపు తిరిగారు.

"నీ గొంతు ఒక్కచోట కూడా వణకలేదే."

"లేదమ్మా."

"నేను చెప్పలేనేమో అనుకున్నావా, ధైర్యం? వందల మందికి లైన్లో చెప్పాను. ఇంకో నిమిషం ఆగండి, కలుపుతున్నాను, భయపడకండి అని. నీకు చెప్పలేనా?"

టీచర్ తల్లి పక్కన వచ్చి కూర్చున్నారు. బాబాయ్ భార్య లేచి, ఎవరూ అడగకుండానే వంటింట్లోకి వెళ్ళి నలుగురికీ టీ పెట్టుకొచ్చారు. ఆ పూట తల్లీకూతుళ్ళ మధ్య మాట కలిసింది.

టీ అయ్యాక పెద్దావిడ పనిలోకి దిగారు. ఫిర్యాదు టీచర్ చేత రాయించారు, ప్రతి వాక్యం తాను ఒప్పుకున్నాకే. దాంతో ఆగలేదు.

"యంత్రానికి రాస్తే యంత్రమే జవాబిస్తుంది. ఆ గంట పాట పెట్టింది మనిషే కదా. మనిషిని పట్టుకోండి."

బాబాయ్ కూతురు ఆ పేరు వెనక ఉన్న మనిషిని వెతికింది. దూరపు దేశంలో, గాజు సీసాల ఫ్యాక్టరీలో లేబుళ్ళు అంటించే ఒకావిడ. ఆవిడ భాషలోకి ఫోనుతోనే మార్పించి సంగతంతా రాసి పంపారు. గంట తిరక్కుండా జవాబు వచ్చింది. దాన్ని మళ్ళీ మన భాషలోకి తిప్పి చదివారు. "పనిలో చేతులు ఆగకుండా ఉండటానికి దీన్ని అతికించుకున్నాను. ఆ మాటలు నాకు అర్థం కావు. వాన చప్పుడులా వినేదాన్ని. తీసేశాను. ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?"

సర్వీసు వాళ్ళ జవాబు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. మీరు ఫిర్యాదు చేసిన పాట మా దగ్గర కనిపించడం లేదు, కాబట్టి సమస్య పరిష్కారమైనట్టే అని.

అసలు రికార్డింగును బాబాయ్ టీచర్ ఫోనులోకి పంపి, తన ఫోనులోంచి ఆవిడ కళ్ళెదుటే చెరిపేశారు. "ఇది మీదమ్మా. ఉంచుకున్నా పారేసినా మీ ఇష్టం" అన్నారు. ఆవిడ ఏం చేశారో నేను అడగలేదు.

టీచర్ పరీక్షలయ్యేదాకా ఆగలేదు. తల్లి ఆగనివ్వలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చే రోజు పొద్దున్నే బాబాయ్ వచ్చి మా లిఫ్టు తాళ్ళూ తలుపులూ అన్నీ చూసి, మధ్యాహ్నం ఆవిడ కారు దిగేదాకా కింద స్టూలు వేసుకుని కూర్చున్నారు. మిగతా పిలుపులన్నీ సాయంత్రానికి తోశారు. ఆవిడ ఎక్కాక నాలుగో నంబరు ఆయనే నొక్కారు. నేల అంచుతో సమానంగా, ఇంతైనా కుదుపు లేకుండా ఆగింది లిఫ్టు. మా భవనంలో లిఫ్టు అంత మెత్తగా ఆగడం నేను అంతకు ముందు చూడలేదు.

ఇంత జరిగాక ఆయన వాయించడం మానేస్తారని కొందరు అనుకున్నాం. ఆయన మాత్రం నెలరోజులు ఆగి, పెద్దావిడ దగ్గరికి వెళ్ళి అడిగారు.

"మళ్ళీ మొదలుపెడదామనుకుంటున్నానమ్మా. ఎలా చేస్తే తప్పు లేకుండా ఉంటుంది?"

"ముందు చెప్పు. తర్వాత విను. ఆ తర్వాత అడుగు" అన్నారు ఆవిడ. "దాచుకోవాల్సిన మాట ఎవరికుంటుందో మనకి తెలీదు. అందరికీ ఉందనుకుని నడుచుకోవాలి."

ఆ మాట ప్రకారమే నడిచారు. రికార్డు చేసే రోజు ప్రతి అంతస్తులో, లిఫ్టు తలుపు పక్కన కాగితం అంటిస్తారు. భార్య షాపులో జిరాక్సు తీసినది, పెద్ద అక్షరాలతో. "ఈ రోజు పదకొండు నుంచి పదకొండున్నర వరకు మెట్ల దగ్గర పాట రికార్డు చేస్తున్నాను. మీ మాటలు అందులో పడవచ్చు. వద్దనుకుంటే చెప్పండి, ఆపేస్తాను." ఫోను బకెట్ వెనక దాచడం మానేసి అందరికీ కనిపించేలా స్టూలు మీద పెడతారు. రికార్డు అయ్యాక కూతురు కొనిచ్చిన మంచి హెడ్‌ఫోన్‌తో మొత్తం వింటారు. ఎక్కడైనా మనిషి మాట వినిపిస్తే ఆ గుమ్మానికి వెళ్ళి వినిపించి, "ఇది మీదేనా? ఉంచనా, తీసేయనా?" అని అడుగుతారు.

దీంతో మా భవనంలో చిత్రాలు మొదలయ్యాయి. ఆరో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు గారు పదకొండు కాగానే తలుపు తీసి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. తన దగ్గు పాటలో ఉండాలని ఆయన పట్టుదల. "తాళంలో దగ్గితే ఉంచుతాను సార్" అన్నారు బాబాయ్. రెండో అంతస్తు భార్యాభర్తలు తమ వాదులాట తీసేయమని ఒట్టు వేయించుకుని, రాజీ పడ్డాక "చివర్లో నవ్విన చోటు మాత్రం ఉంచండి" అని కబురు పెట్టారు. ఒకసారి హెడ్‌ఫోన్ పట్టుకుని మా గుమ్మానికీ వచ్చారు. నేను బట్టలు ఆరేస్తూ తీసిన కూనిరాగం అందులో పడింది. విన్నాక సిగ్గేసింది.

"శ్రుతి ఎక్కడా కలవలేదు బాబాయ్. తీసేయండి."

"కలవలేదు నిజమే. కానీ నా శ్రుతిని మీరు చెడగొట్టలేదు, అది గొప్ప" అన్నారు. ఉంచమన్నాను.

అలా పన్నెండు భవనాల మెట్ల మీద పన్నెండు పాటలు తయారయ్యాయి. "మధ్యాహ్నం" అంత మంది వీటిని వినలేదు. కానీ విన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ వింటున్నారు. ప్రతి పాట కింద, ఇందులో వినిపించే గొంతుల అనుమతి తీసుకున్నాం అని ఒక వాక్యం ఉంటుంది. అది చదివి సీసాల ఫ్యాక్టరీ ఆవిడ రాసింది, ఇప్పుడు నిశ్చింతగా అతికించుకోవచ్చా అని. అతికించుకోమన్నారు. ఇంకెవరో నాటకాలు ఆడించే ఆయన రాసి, తన నాటకంలో ఒక మెట్ల సీనుకు పాట వాడుకున్నారు. ఆ నాటకానికి బాబాయ్ దంపతులు వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. నాటకం చివర్లో వెనక తెర మీద పేర్లు వేసినప్పుడు ఆయన అసలు పేరు పడింది. పక్క సీటాయన అది ఎవరని అడిగితే భార్య చెప్పారట, "మా ఆయనే. లిఫ్టులు బాగుచేస్తారు. ఇదీ చేస్తారు."

ఆ తర్వాత పెద్ద అవకాశం ఒకటి తలుపు తట్టింది. దుకాణాల్లో, లిఫ్టుల్లో, ఆస్పత్రుల్లో పాటలు వినిపించే ఒక కంపెనీ ఈ పన్నెండు పాటలూ కావాలని అడిగింది. ఆఫీసుకు తండ్రీ కూతుళ్ళతో పాటు టీచర్ వాళ్ళమ్మ కూడా వెళ్ళారు, తోడుగా. పద్దెనిమిది పేజీల ఒప్పందం ఇచ్చి, ఇక్కడ ఇక్కడ సంతకం పెట్టండి అని చూపించాడు మేనేజరు. బాబాయ్ పెట్టలేదు. లిఫ్టు వైరింగు చిత్రం చదివినట్టు ఒక్కొక్క గీతా వేలితో అనుసరిస్తూ చదివారు. పదకొండో పేజీలో వేలు ఆగింది. పాట వినిపించే పెట్టెలో చిన్న మైకు ఉంటుంది, దగ్గరలో మనుషులు ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు ఉన్నారు, ఏం మాట్లాడుకుంటున్నారో గమనించి సేవను మెరుగుపరచడానికి వాడుకోవచ్చు అని ఉంది.

"ఈ పెట్టె పాట వినిపించడానికే కదండీ?" అని అడిగారు బాబాయ్.

"అవునండీ."

"పాడటానికి నోరుంటే చాలు కదా. చెవులెందుకు?"

"అందరి ఒప్పందాల్లోనూ ఉంటుంది సార్. మామూలే. ఎవరూ అంతదూరం చదవరు."

"నేను చదివాను."

మేనేజరు బాబాయ్ కూతురి వైపు చూశాడు, చిన్నది కదా సర్దిచెప్తుందని. కూతురు పదకొండో పేజీ అతని వైపే తిప్పి పెట్టింది. పెద్దావిడ లేస్తూ మెల్లగా అన్నారు.

"లిఫ్టులో అందరూ మాట్లాడుకుంటారు బాబూ, తలుపు మూసుకుంటుంది కాబట్టి. ఆ నమ్మకంతోనే."

సంతకం పెట్టకుండా లేచి వచ్చేశారు. దారిలో టీ తాగారు. అంత పెద్ద అవకాశం పోయిందన్న దిగులు ఎవరి మొహంలోనూ లేదని కూతురు నాతో చెప్పింది. "నాన్న ఆ ఆఫీసు లిఫ్టు గురించే మాట్లాడాడు, దారంతా. లిఫ్టు జారే గైడ్లు అరిగిపోయాయట."

ఆరు వారాల తర్వాత ఆ మేనేజరే ఫోను చేశాడు. ఈ పాటలు వినిపించే పెట్టెల్లో మైకు ఉండదు, పదకొండో పేజీ తీసేశాం అన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నారో చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. కొత్త ఒప్పందాన్ని బాబాయ్ మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. మైకు లేదన్న మాట రాతలో ఉందని చూసుకున్నాకే సంతకం పెట్టారు.

ఇప్పుడు ఆయన పాటలు చాలా చోట్ల వినిపిస్తున్నాయి. కొత్తగా కట్టిన పద్నాలుగు అంతస్తుల ఆఫీసు లిఫ్టులో కూడా పెట్టారు. కిందటి వారం ఆ లిఫ్టులో ఏదో చప్పుడు వస్తోందని ఆయనకే పిలుపు వచ్చింది. నాకు ఆ పక్కనే పని ఉండి, కలిసే వెళ్ళాం. తలుపు తెరుచుకోగానే ఆయన మౌతార్గనే, మా భవనం మెట్ల మీది పాట. ఆయన లోపలికి అడుగు పెట్టి, పై మూలన ఉన్న స్విచ్ వెతికి పాట ఆపేశారు.

"బాగుంది కదండీ, ఎందుకాపారు?" అన్నాడు అక్కడి వాచ్‌మన్, అది ఎవరిదో తెలియక.

"బాగానే ఉంది" అన్నారు బాబాయ్, లిఫ్టు గోడకు చెవి ఆనిస్తూ. "కానీ పైన బేరింగు ఏదో చెప్తోంది. ముందు దాని సంగతి చూద్దాం." టూల్స్ సంచి భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు.